అక్క ఉత్తరాలు, పసరు మందు, నా చెత్తబుట్ట

కామెర్లకి పసరు మందు గురించి నేను తక్కువలో తక్కువ ఇరవై సార్లు ఉపన్యాసం ఇచ్చి ఉంటాను. పెద్ద ఉపన్యాసమేమీ కాదులెండి. వైరస్ వల్ల వచ్చే కామెర్లు, ముఖ్యంగా హెపటైటిస్-ఎ లాంటివి, చాలామందికి కొన్ని వారాల్లో వాటంతట అవే తగ్గిపోతాయి. ఆ వారాల్లో మీరు పసరు తాగినా, చేతి మీద వాత పెట్టించుకున్నా, ఏమీ చెయ్యకుండా ఇంట్లో కూర్చున్నా తగ్గుతాయి. తగ్గాక పేరు మాత్రం పసరుకి వస్తుంది. తగ్గనివాళ్ళు వెనక్కి వెళ్ళి ఆ మందు ఇచ్చినాయనకి చెప్పరు కాబట్టి, ఆయన లెక్కలో అందరికీ తగ్గినట్టే! ఇదీ నా ఉపన్యాసం. వినేవాళ్ళు తలలూపేవారు. నేనూ సంతోషించేవాణ్ణి.

2018లో ఆ ఉపన్యాసం నాకే ఎదురు తిరిగింది. ఎలాగో చెబుతాను. ఇందులో కాస్త కంప్యూటర్ల గోల ఉంది, ఓపిక పట్టండి. లినక్సు ముఖం చూడనివాళ్ళకి కూడా అర్థమయ్యేట్టు చెప్పడానికే ప్రయత్నిస్తాను.

మాది యానాం. ఉద్యోగం పుదుచ్చేరిలో. ఒకే ప్రభుత్వం కింద ఉన్న ఊళ్ళే అయినా మధ్యలో ఎనిమిది వందల కిలోమీటర్ల పైమాటే. నేను ఒర్లియంపేటలో ఒక మేడ మీద వాటాలో అద్దెకుంటున్నాను. కింద వాటాలో ఓనరమ్మ తమిళం, వీధంతా తమిళం, ఆఫీసులో తమిళం, ఇంగ్లీషు. రోజులో తెలుగు కనిపించేది ఒక్క చోటే, మా అక్క రాసే ఉత్తరాల్లో.

అక్క యానాంలో తెలుగు టీచరుగా చేసి రిటైరయింది. ఆవిడకి చెవులు సరిగ్గా వినపడవు. ఫోన్లో మాట్లాడాలంటే నేను అరవాలి, నేను అరిస్తే ఓనరమ్మ కంగారు పడి పైకొస్తుంది. అందుకని మా ఇద్దరికీ మొదట్నుంచీ ఉత్తరాలే. కార్డుల కాలం పోయాక మా మేనకోడలు ఆవిడకి ఈ-మెయిలు నేర్పింది, లేఖినిలో తెలుగు టైపు చెయ్యడం నేర్పింది. ఒక్కో అక్షరం వెతుక్కుని కొట్టినా, ఒత్తు పోనివ్వదు, దీర్ఘం పోనివ్వదు. నా జవాబుల్లో తప్పులు దిద్ది తిరిగి పంపిన రోజులు కూడా ఉన్నాయి.

ఇక నా సంగతి. మెయిళ్ళన్నీ ఎవరి సర్వర్లోనో ఎందుకుండాలని 2004 నుంచీ నా ఉత్తరాలు నా కంప్యూటర్లోకే దింపుకుంటాను. పాత డెస్కుటాపు, దాని మీద డెబియన్ లినక్సు. ఫెచ్‌మెయిల్ అనే ప్రోగ్రాము ఉత్తరాల్ని పట్టుకొస్తుంది. ప్రోక్‌మెయిల్ వాటిని స్పామ్ అసాసిన్ అనే ఫిల్టరుకి చూపిస్తుంది. ఆ ఫిల్టరు ప్రతి ఉత్తరానికీ మార్కులు వేస్తుంది. మామూలుగా 5 మార్కులు దాటితే చెత్త. నేను మాత్రం లాటరీ ఉత్తరాల మీద కోపంతో ఆ గీతని 3.5కి దించాను. దించిన రోజు నాకు చాలా గర్వంగా అనిపించింది.

2018 ఏప్రిల్లో ఒక రోజు అక్క ఉత్తరం ఒకటి చెత్త ఫోల్డర్లో కనిపించింది. వేరే దేనికోసమో వెతుకుతుంటే అనుకోకుండా పడింది కంట్లో. వెంటనే మరమ్మతుకి దిగాను. ఏమేం చేశానో వరసగా చెబుతాను, నవ్వకండి. ఫిల్టరుని ఆపి మళ్ళీ మొదలుపెట్టాను. నియమాలన్నీ అప్‌డేట్ చేశాను. రూట్ ఖాతాలోకి వెళ్ళి ఆ ఉత్తరాన్ని ఫిల్టరుకి చూపించి "ఇది మంచిది, నేర్చుకో" అన్నాను. అదే ఖాతాలో అక్క చిరునామాని నమ్మకస్తుల జాబితాలో చేర్చాను. అన్నీ ఒక్క పూటలో, ఒకదాని వెనక ఒకటి. ఆఖరికి కంప్యూటర్ని కూడా ఒకసారి రీబూట్ చేశాను.

రెండు రోజుల తర్వాత అక్క దగ్గర్నుంచి నాలుగు లైన్ల మెయిలు వచ్చింది. తిన్నగా ఇన్‌బాక్సులోకి! సమస్య తీరిపోయింది. ఆఫీసులో ఒకతనితో, లినక్సులో ఏ రోగానికైనా మందు ఉంటుంది, ఓపిక ఉండాలంతే అని కూడా అన్నాను.

తర్వాత అక్క నుంచి ఉత్తరాలు తగ్గాయి. మే నెలలో ఒకటి, జూన్లో ఒకటి, రెండూ పొట్టివే. జులై, ఆగస్టుల్లో ఏమీ రాలేదు. నేను రాసిన రెండు మెయిళ్ళకి జవాబు లేదు. మనవడొచ్చుంటాడు, తీరిక లేదేమో అనుకున్నాను. ఇంకో కారణం కూడా తోచింది కానీ దాని గురించి గట్టిగా ఆలోచించలేదు. ఆ ఏడాది సంక్రాంతికి ఆవిడ నాకు ఒక దేవుడి మెయిలు ఫార్వర్డ్ చేసింది. ఇది పదకొండు మందికి పంపితే శుభం, పంపకపోతే నష్టం అనే రకం. నేను జవాబుగా ఒక పేజీన్నర క్లాసు పీకాను. టీచరుకే క్లాసు పీకిన మొనగాణ్ణి. ఆ మాటలకి నొచ్చుకుందేమో, కొన్నాళ్ళు పోతే అదే సర్దుకుంటుందని ఊరుకున్నాను.

సెప్టెంబరు మొదటి వారంలో మేనకోడలు ఫోన్ చేసింది, కాకినాడ ఆసుపత్రి నుంచి.

"మామయ్యా, నాన్నని ఐసీయూలో పెట్టారు. అమ్మ నీకు మూడు ఉత్తరాలు రాసిందట. నువ్వు ఒక్కదానికీ పలకలేదట. నీకంత కోపమేంటి మామయ్యా?"

ఫోన్ పెట్టేసి చెత్త ఫోల్డరు తెరిచాను. ఉన్నాయి. మూడూ ఉన్నాయి. నాలుగు వందల చిల్లర లాటరీల, మందుల, ప్లాట్ల ప్రకటనల మధ్యన.

మొదటిది ఆగస్టు 16న రాసింది. "తమ్ముడూ, మీ బావకి కళ్ళు పచ్చబడ్డాయి. కామెర్లే అంటున్నారు. పక్క ఊళ్ళో పసరు వేసేవాళ్ళున్నారని అందరూ ఒకటే పోరు. నువ్వు వీటి గురించి చెబుతుంటావు కదా, నువ్వేమంటే అదే చేస్తాం." రెండోది నాలుగు రోజుల తర్వాత. ఒళ్ళంతా దురదలంటున్నారనీ, విరేచనం సున్నంలా తెల్లగా అవుతోందనీ, నా మాట కోసం చూస్తున్నాననీ. మూడోది ఆగస్టు 25న, ఒక్క లైను. "నీకు కోపంగా ఉన్నట్టుంది, సరే, పసరు వేయించాం."

మూడోది చదివాక కాసేపు కుర్చీలోంచి లేవలేకపోయాను.

బావకి వచ్చినవి వైరస్ కామెర్లు కావు. పిత్తాశయంలోంచి రాయి జారి పైత్యరసం వచ్చే గొట్టానికి అడ్డం పడింది. దురద, తెల్లటి విరేచనం, పచ్చటి కళ్ళు, ఈ మూడూ కలిస్తే డాక్టర్లు మొదట అనుమానించే వాటిలో అలాంటి అడ్డంకి ఒకటి. అలాంటివి వాటంతట అవే తగ్గుతాయని కూర్చోకూడదు. పసరుతో పది రోజులు గడిచేసరికి గొట్టంలో చీము పట్టి, చలిజ్వరం వచ్చి, మనిషి మాట తడబడే స్థితికి వచ్చాక కాకినాడ తీసుకెళ్ళారు. నేనేమీ డాక్టర్ని కాను. ఆ మొదటి ఉత్తరం చదివుంటే ఒక్క మాటే రాసేవాణ్ణి, రేపే ఆసుపత్రికి వెళ్ళి రక్తపరీక్ష, స్కానింగు చేయించమని. అది చాలేది.

బస్సెక్కి చెన్నై, అక్కణ్ణుంచి రాత్రి రైల్లో కాకినాడ వెళ్ళాను. గొట్టం కెమెరాతో రాయి తీసేశారు. పన్నెండు రోజులకి బావ ఇంటికొచ్చాడు. ఆసుపత్రి వరండాలో అక్కకి పెద్దగా అరుస్తూ "నీ ఉత్తరాలు నాకందలేదే" అని చెప్పాను. ఆవిడ అంతా విని, "ఏప్రిల్లో బాగు చేశానన్నావుగా?" అంది. జవాబు లేదు నా దగ్గర.

పుదుచ్చేరి తిరిగొచ్చాక ఈసారి మరమ్మతు చెయ్యలేదు. ముందు జబ్బేమిటో తెలుసుకుందామని కూర్చున్నాను.

మొదట నాకు తట్టిన కారణం నాకు భలే నచ్చింది. స్పామ్ అసాసిన్‌లో ఉత్తరం ఏ భాషలో ఉందో కనిపెట్టే టెక్స్ట్‌క్యాట్ అనే భాగం ఒకటుంది. మనం ఏయే భాషల్ని అనుమతిస్తామో ఒక జాబితాలోంచి ఎంచుకోవాలి. ఆ జాబితాలో తమిళం ఉంది, హిందీ ఉంది, మరాఠీ, నేపాలీ, ఆఖరికి సంస్కృతం, లాటిన్ కూడా ఉన్నాయి. తెలుగు లేదు! ఇంకేం, దొరికాడు దొంగ అనుకున్నాను. తమిళవీధిలో తెలుగు కోసం మొహం వాచి ఉన్నవాడికి ఇంతకంటే రుచికరమైన కారణం ఏముంటుంది? తెలుగుకి జరిగిన అన్యాయం గురించి మనసులో ఓ వ్యాసం కూడా మొదలైపోయింది.

కానీ ప్రతి ఉత్తరం తల మీద ఫిల్టరు తాను ఏ పరీక్షలో ఎన్ని మార్కులు వేసిందో రాసిపెడుతుంది. అక్క ఉత్తరాల్లో అది చూశాను. భాష పరీక్ష పేరే లేదు. తీరా చూస్తే ఆ భాగం మామూలుగా ఆపేసే ఉంటుందట, నేను దాన్నెప్పుడూ తెరవలేదు. పాపం, ఆ ఆవేశమంతా వృథా. మనకి నచ్చిన కారణం మీద మనం రెండింతలు అనుమానపడాలని సభల్లో చెప్పేది కూడా నేనే.

మూడు ఉత్తరాల్లోనూ మార్కులు పడింది ఒకే చోట. బేయస్ పరీక్షలో 3.5, దాని తోకకి ఇంకో 0.2. మొత్తం 3.7. మామూలు గీత 5 దగ్గరే ఉండి ఉంటే మూడూ నాకు చేరేవి. నేను దించిన 3.5 గీత వాటిని ఆపింది. మొదటి దోషి దొరికాడు, వాడు నేనే.

బేయస్ గురించి నాలుగు మాటలు. థామస్ బేయస్ పద్దెనిమిదో శతాబ్దపు ఇంగ్లండు మతబోధకుడు. ఆయన పోయాక 1763లో అచ్చయిన వ్యాసంలో, కొత్త సాక్ష్యం వచ్చినప్పుడు మన అంచనాని ఎలా మార్చుకోవాలో లెక్క ఉంది. 2002లో పాల్ గ్రాహమ్ ఈ లెక్కని చెత్త మెయిళ్ళ మీద ప్రయోగించమని రాసిన వ్యాసం బాగా పేరు తెచ్చుకుంది. ఆలోచన సులువు. చెత్త అని మీరు చెప్పిన ఉత్తరాలు కొన్ని, మంచివని మీరు చెప్పినవి కొన్ని ఫిల్టరుకి చూపిస్తారు. ఏ మాట ఎటువైపు ఎక్కువగా కనిపిస్తోందో అది లెక్కపెట్టుకుంటుంది. స్పామ్ అసాసిన్ అయితే రెండు రకాలూ రెండేసి వందలు చూసేదాకా నోరే విప్పదు. ఆ మర్యాద చాలామంది మనుషులకి ఉండదు.

మరి నా ఫిల్టరుకి నేనేం చూపించాను? ప్రతి రాత్రీ ఒక క్రాన్ పని నడుస్తుంది. చెత్త ఫోల్డర్లో ఉన్నవన్నీ చెత్త అనీ, పాతవి అన్న ఫోల్డర్లో ఉన్నవన్నీ మంచివనీ అది ఫిల్టరుకి నేర్పుతుంది. రెండు ఫోల్డర్లూ తెరిచి చేత్తో లెక్కపెట్టాను. చెత్తలో సుమారు 2000. అందులో తెలుగువి 400 దాకా ఉన్నాయి. జాతకాలు, ప్లాట్లు, పెళ్ళి సంబంధాలు, పదకొండు మందికి పంపమనే దేవుళ్ళు. మంచివాటిలో సుమారు 5000. దాదాపు అన్నీ ఇంగ్లీషులో లినక్సు చర్చలే. తెలుగువి పది! ఎందుకంటే అక్క ఉత్తరాల్ని చదివాక నేను ప్రేమగా వేరే ఫోల్డర్లో దాచుకునేవాణ్ణి, దాని పేరు కూడా అక్క అనే. ఆ ఫోల్డర్ని ఫిల్టరుకి ఎప్పుడూ చూపించలేదు.

ఇప్పుడు లెక్క చూడండి. తెలుగు అక్షరం కనిపించడం చెత్తలో 2000కి 400, అంటే నూటికి 20. మంచివాటిలో 5000కి 10, అంటే నూటికి 0.2. రెంటినీ కలిపి చూస్తే 20ని 20.2తో భాగించాలి. 0.99. తెలుగు అక్షరం ఉంటే నూటికి తొంభై తొమ్మిది పాళ్ళు చెత్తే అని నా ఫిల్టరు నేర్చుకుంది. దాని లెక్కలో తప్పు లేదు. చూపించినవాడిదే తప్పు.

"తెలుగు అక్షరం" అన్నాను, "తెలుగు మాట" అనలేదు. అక్కడింకో తమాషా ఉంది. ఫిల్టరు మూలప్రోగ్రాము పెర్ల్ భాషలో ఉంటుంది, ఎవరైనా తెరిచి చదువుకోవచ్చు. నేను చదివాను. 15 బైట్ల కంటే పొడుగున్న మాటని అది ఒక్క మాటగా దాచుకోదు. ఇంగ్లీషులో 15 అక్షరాలు దాటే మాటలు తక్కువ కాబట్టి వాళ్ళకి ఇబ్బంది లేదు. యూటీఎఫ్-8లో తెలుగు అక్షరానికి మూడు బైట్లు. గుణింతం గుర్తుకి మూడు, పొల్లుకి మూడు, సున్నాకి మూడు. అంటే మనకి ఐదు గుర్తులే గతి. "అక్క"లో అ, క, పొల్లు, క, నాలుగే కాబట్టి మాట దక్కుతుంది. "యానాం" సరిగ్గా ఐదు, బతికిపోయింది. "తమ్ముడు" అంటే మాత్రం ఏడు. దాన్ని విడగొట్టి త, మ, పొల్లు, ఉకారం, డ అని ముక్కలుగా దాచుకుంటుంది. అందువల్ల నేను చెత్తలో వేసిన ప్రతి జాతకం మెయిలూ "జాతకాలు" అన్న మాట మీద కాకుండా జ, త, క, ల అన్న అక్షరాల మీద నేరం మోపింది. ఆ అక్షరాలు లేకుండా అక్క ఉత్తరం ఎలా రాస్తుంది?

పైగా ఈ లెక్క ఒక్కో ముక్కనీ విడి సాక్షిగా తీసుకుంటుంది. క, త, మ, ర, ఉకారం, సున్నా అన్నీ వచ్చి చెత్తే అంటే, నలభై మంది స్వతంత్ర సాక్షులు ఒకే మాట చెప్పినట్టు లెక్క. నిజానికి వాళ్ళు నలభై మంది కారు. "ఇది తెలుగులో ఉంది" అన్న ఒక్క సంగతినే నలభై గొంతులతో చెబుతున్నారు. ఒకే పుకారుని వీధిలో నలభై మంది చెబితే నలభై రుజువులు అనుకుంటాం చూడండి, అచ్చం అదే.

ఇదంతా సరిగ్గా అనిపించింది. భాషా అన్యాయం సిద్ధాంతం కూడా అలాగే అనిపించింది కదా! అందుకని పరీక్ష పెట్టాను. ఈసారి ఒక్కసారికి ఒక్కటే మార్చాలని నియమం పెట్టుకున్నాను.

అక్క మొదటి ఉత్తరాన్ని ఒక ఫైల్లో పెట్టి, నా ఖాతాలోంచే ఫిల్టరుకి చూపించాను. 3.7. అదే ఉత్తరాన్ని అదే పంపేవారి పేరుతో, మాటలు మార్చకుండా, ఇంగ్లీషు అక్షరాల్లో రాసి చూపించాను. బేయస్ మార్కులు మాయం. తర్వాత కరెంటు బిల్లు గురించి ఒక చప్పిడి ఉత్తరం తెలుగు లిపిలో రాసి, నా ఇంకో చిరునామా పేరుతో చూపించాను. మళ్ళీ 3.7. ఆఖరికి ఒక దేవుడి గొలుసు ఉత్తరాన్ని పదకొండు మంది, శుభం, నష్టం అన్నిటితో సహా ఇంగ్లీషు అక్షరాల్లోకి మార్చి చూపించాను. హాయిగా లోపలికి వచ్చేసింది!

ఇన్నేళ్ళూ నా ఫిల్టరు మూఢనమ్మకాల్ని ఆపుతోందని మురిసిపోయాను. అది ఆపుతున్నది తెలుగు లిపిని.

మరి ఏప్రిల్లో నా వైద్యం ఎలా పని చేసింది? అది కూడా తేల్చాలి కదా. నేను చేసినవన్నీ రూట్ ఖాతాలో చేశాను. నా ఉత్తరాల్ని చూసే ఫిల్టరు నా ఖాతాలో ఉన్న జ్ఞాపకాన్ని వాడుతుంది. రూట్ జ్ఞాపకం వేరు, నాది వేరు. పక్కింటాయనకి ఇంజెక్షను పొడిచి మనకి జ్వరం తగ్గుతుందని ఎదురుచూడటం లాంటిది. నమ్మకస్తుల జాబితా కూడా ఆ పక్కింట్లోనే ఉండిపోయింది. అంటే నా మందు పైసా పని చెయ్యలేదు.

అయినా రెండు రోజుల తర్వాత వచ్చిన మెయిలు ఇన్‌బాక్సులో ఎందుకు పడింది? తెరిచి చూశాను. మేనకోడలి ఫోన్లోంచి పంపిన మెయిలు అది. "Bagunnava" అని అడిగే బాపతు, అంతా ఇంగ్లీషు అక్షరాల్లో. మే, జూన్ మెయిళ్ళూ అంతే. నేను మందు వెయ్యకపోయినా అవి వచ్చేవే. తగ్గే కామెర్లకి పసరు వేసి, తగ్గింది చూశారా అని మీసం తిప్పాను. పసరు వైద్యుడికైనా చదువు లేదనుకోవచ్చు. నాకు ఆ సాకు కూడా లేదు.

ఇంకొకటి మిగిలింది, అన్నిటికంటే నన్ను భయపెట్టింది అదే. ఫిల్టరు చెత్త అని తేల్చినవి ఏ ఫోల్డర్లో పడతాయి? చెత్తలో. రాత్రి క్రాన్ దేన్ని చూపించి చెత్త అని నేర్పుతుంది? అదే చెత్తని. అంటే అక్క మొదటి ఉత్తరం పొరపాటున అందులో పడ్డ రాత్రే, అది చెత్త అనడానికి రుజువుగా మారింది. రెండో ఉత్తరం వచ్చేసరికి ఫిల్టరుకి నమ్మకం ఇంకొంచెం పెరిగింది. మూడోదానికి ఇంకొంచెం. తన తీర్పునే తెచ్చి తనకి సాక్ష్యంగా చూపిస్తుంటే, తప్పు తెలుసుకునే దారేది? ఉన్న ఒక్క దారి నేను ఆ ఫోల్డరు తెరిచి చూడటం. ఏప్రిల్ తర్వాత నేను తెరవలేదు. బాగు చేశాను కదా!

ఇలాంటివి ప్రోగ్రాములు రాసేవాళ్ళకీ జరుగుతాయి. 2010 జనవరి 1న ప్రపంచమంతటా స్పామ్ అసాసిన్ వాడేవాళ్ళ మంచి ఉత్తరాలకి ఉన్నట్టుండి మూడు మార్కుల పైన అదనంగా పడ్డాయి. తేదీలో 2010 గానీ ఆపై సంవత్సరం గానీ ఉంటే అది భవిష్యత్తు నుంచి వచ్చిన దొంగ ఉత్తరం అని ఎప్పుడో రాసిన నియమం ఒకటి ఉంది. రాసిననాడు అది సబబే. కాలం నడిచింది, నియమం నిలబడిపోయింది. దిద్దుబాటు కొత్త కోడులో 2009లోనే ఉన్నా, వాడుకలో ఉన్న వెర్షనుకి చేరింది మాత్రం ఉత్తరాలు ఆగడం మొదలయ్యాకే. కానీ అక్కడ తప్పు బయటపడింది, ఎందుకంటే ఆగిపోయిన ఉత్తరాల్ని చూసి కేకలు వేసినవాళ్ళున్నారు. మా అక్క కేక వెయ్యలేదు. నాకు కోపం వచ్చిందనుకుంది.

ఆ తర్వాత చేసింది చెబుతాను, ఎవరికైనా పనికొస్తుందేమో. ఫిల్టరు జ్ఞాపకమంతా తుడిచేశాను. చెత్తనీ మంచివాటినీ మళ్ళీ చేత్తో ఏరాను. అక్క ఫోల్డరంతా మంచివాటిలో చేర్చాను. యాభై తెలుగు ఉత్తరాల్ని, రెండు రకాలవీ కలిపి, ఫిల్టరుకి నేర్పకుండా పక్కన దాచి, తర్వాత వాటితో పరీక్ష పెట్టాను. గీతని మళ్ళీ 5కి పెంచాను. అక్క చిరునామాని ఈసారి నా ఖాతా జాబితాలో రాశాను. ఫిల్టరు ఆపినవి అనుమానం అనే కొత్త ఫోల్డర్లో పడతాయి, దాన్నుంచి ఫిల్టరు ఏమీ నేర్చుకోదు. నేను చూసి ఔనన్నవే చెత్తలోకి వెళ్తాయి. తనంతట తాను నేర్చుకునే ఏర్పాటు కూడా ఆపేశాను. మొదటి నెలలో లాటరీలు రోజుకి నాలుగైదు ఇన్‌బాక్సులోకి వచ్చేవి. రానీ అనుకున్నాను.

ప్రతి ఆదివారం పొద్దున్న కాఫీ తాగుతూ అనుమానం ఫోల్డరు తిరగేస్తాను. తప్పుగా పడ్డవెన్నో ఒక నోటుబుక్కులో రాస్తాను. సున్నా అయినా సరే, సున్నా అని రాస్తాను. 2022 చివర్లో స్పామ్ అసాసిన్ 4.0 వచ్చింది, యూనికోడ్ విషయంలో చాలా మార్పులు చేశారు. ఆదివారం అలవాటు మాత్రం మానలేదు.

కంప్యూటరు సంగతి అలా తేలింది. నా బుర్రలో ఉన్న ఫిల్టరు సంగతి ఇంకా తేలలేదు. జులై, ఆగస్టుల్లో అక్క నుంచి ఉత్తరం రాకపోతే నేనెందుకు కంగారు పడలేదు? ఆవిడ ఇప్పుడు దేవుళ్ళ మెయిళ్ళు పంపే బాపతులోకి చేరిందని నేనూ లోపల ఎక్కడో మార్కులు వేసేశాను. సంక్రాంతి మెయిలు ఒక్కటి చూసి గీత దించేశాను. ముప్పై ఏళ్ళ ఉత్తరాలున్న ఫోల్డర్ని లెక్కలోకి తీసుకోలేదు. అసలు పసరు వెయ్యాలా వద్దా అని ఊరంతా ఒకవైపు లాగుతుంటే, ఆగి నన్ను అడిగిన మనిషి ఆవిడ. నా ఉపన్యాసాలు విని తలూపినవాళ్ళలో ఎంతమంది ఆ పని చేశారో నాకు తెలియదు.

బావ బాగున్నాడు. పిత్తాశయం కూడా తీసేశారు. అక్క ఇప్పటికీ రాస్తుంది, ఇంకా పెద్ద ఉత్తరాలు. ఈ మధ్య ఒకదాని చివర, "ఇది అందితే అందిందని ఒక్క ముక్క రాయి, అందకపోతే అందలేదని రాయి" అని రాసింది. వెక్కిరింతే, నాకు తెలుసు. అయినా అందిందని ఆ రాత్రే రాశాను. "రాశాను"లో దీర్ఘం పోయిందని దిద్ది పంపింది.